టర్బో తప్పేం లేదు

పరాయి దేశంలో షెడ్డులో చేరిన మొదటి ఏడాది నాకు ఆయిల్ మార్చడం, టైర్లు విప్పడం తప్ప వేరే పని ఇవ్వలేదు. పని రాక కాదు, వాళ్ల భాష రాక. "చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? నిలబెట్టినప్పుడా, తొక్కినప్పుడా?" ఇలాంటి నాలుగు ప్రశ్నలు నోట్‌బుక్కులో తెలుగు లిపిలో రాసుకుని, బట్టీపట్టి కస్టమర్లను అడిగేవాణ్ణి.

మోడిఫై చేసిన టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రం) బండి అంటే మా ఫోర్‌మన్‌కి చిరాకు. కంపెనీ పైపులు ఎక్కడో పోయుంటాయి, కొత్తవి ఎవరు ఎలా కలిపారో తెలీదు. అలాంటిదే ఒకటి మూడు రోజులుగా మూలన పడుంది. సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎం ఎగిరిపడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. తొక్కితే పికప్ లేదు, టర్బో నెట్టే గాలి ఒత్తిడి, అదే బూస్ట్, 1 బార్ రావాల్సింది 0.8 దగ్గరే ఊగుతుంది. వెనక నల్ల పొగ. ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ అప్పటికే మార్చేశారు. ఇక మిగిలింది టర్బోనే అని తేల్చారు.

"అన్నా, టర్బో విప్పేద్దామా?" అన్నాడు మా తెలుగు కుర్రాడు.

"ఆగరా, ముందు స్కానర్ పెట్టు."

ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, ఫ్యూయల్ ట్రిమ్ (బండి కంప్యూటర్ లెక్కకు మించి కలుపుతున్న పెట్రోలు) ప్లస్ 22 శాతం. 2500 ఆర్‌పీఎంకి లేపితే 6కి దిగింది. అంటే సెన్సర్ లెక్కలోకి రాని గాలి ఎక్కణ్ణుంచో ఇంజన్‌లోకి పోతోంది. చిల్లు అంతే ఉన్నా, లోపలికి వెళ్లే మొత్తం గాలి పెరిగేసరికి దాని వాటా తగ్గిపోయింది. మరి నల్ల పొగ? బూస్ట్‌లో అదే చిల్లు తిరగబడుతుంది. లెక్కేసిన గాలి బయటికి పోతుంది, పెట్రోలు మాత్రం పూర్తి లెక్కకే పడుతుంది, ఆ ఎక్కువైన పెట్రోలే నల్ల పొగ. రెండు జబ్బులనుకుని రెండు సామాన్లు మార్చడం దగ్గరే అందరం దెబ్బతింటాం.

టర్బో మూతి మూసి గాలి పట్టించి చూశాం. పైపులన్నీ బాగున్నాయి. ఇంజన్ ఆవిరిలోని ఆయిల్‌ని పట్టుకునే డబ్బా, ఆయిల్ క్యాచ్ క్యాన్, దాని మీదున్న చిన్న ఫిల్టర్ నుంచి మాత్రం గాలి వస్తోంది. "అది బ్రీదర్, దాని పనే అది" అని ముందు చూసినవాళ్లు వదిలేశారట. నేనూ వదిలేసేవాణ్ణేమో, ఆ ఫిల్టర్ చుట్టూ ఆయిల్ అంత జిడ్డుగా చిమ్మి ఉండకపోతే.

బండి స్టార్ట్ చేయించి ఫిల్టర్ మీద అరచెయ్యి పెట్టాను. అరచేతిని లోపలికి లాగింది! గట్టిగా నొక్కేసరికి ఎగిరిపడుతున్న ఆర్‌పీఎం కుదురుకుంది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలు. కుర్రాడు నాలుగుసార్లు చేసి చూసుకున్నాడు.

జరిగిందిది: క్యాన్ బిగించినవాడు మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలిని పంచే గొట్టం) నుంచి పైపు నేరుగా దానికే కలిపాడు, మధ్యలో ఉండాల్సిన, గాలిని ఒక్క వైపుకే పోనిచ్చే చెక్ వాల్వ్ తీసి పారేశాడు. చెక్ వాల్వ్ ఒక్కటే పెడితే బూస్ట్ నిలుస్తుంది కానీ ఐడ్లింగ్‌లో పీల్చడం ఆగదు. అందుకే చెక్ వాల్వ్ పెట్టి, ఫిల్టర్ కూడా తీసి మూత బిగించాం. ట్రిమ్ 3కి వచ్చింది, బూస్ట్ 1 బార్ దగ్గర నిలబడింది.

ఇంకోటి మిగిలింది. "ష్షూ" అని చప్పుడు చేస్తూ గాలిని బయటికే వదిలే బ్లో ఆఫ్ వాల్వ్. యాక్సిలరేటర్ వదలగానే లెక్కేసిన గాలి దాన్నుంచి పోతుంది కాబట్టి, గేర్ మార్చినప్పుడల్లా క్షణంపాటు బండి తడబడుతుంది. గాలి మళ్లీ ఇన్‌టేక్‌లోకే వెళ్లేలా మార్చుకోమని బండి ఓనర్‌కి నాకొచ్చిన భాషలో, సగం చేతులతో చెప్పాను. ఆయన నవ్వి, నోటితో "ష్షూ..." అని చప్పుడు చేసి చూపించి, తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. దానికి అనువాదం అక్కర్లేకపోయింది.