కదలిక తెలిసిందా?

ఐదో నెల వచ్చిన దగ్గర నుంచి ఫోను చేసిన ప్రతివారూ ముందుగా అడిగే మాట ఒక్కటే: "కదలిక తెలిసిందా?" పొద్దున తెనాలి నుంచి అమ్మ అడిగేది, సాయంత్రం అత్తయ్యగారు అడిగేవారు. నాతో పాటే నెల తప్పిన స్నేహితురాలు తనకు పద్దెనిమిదో వారంలోనే తెలిసిందని చెప్పాక, రాత్రిళ్ళు ఎడమ పక్కకు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఎదురుచూడడం నాకు అలవాటైపోయింది. తొలిచూలు వారికి ఇరవై వారాల వరకూ, ఒక్కోసారి ఆ తరువాత కూడా తెలియకపోవడం మామూలేనని చదివాను గాని, ఆ చదువు నా దిగులును తీర్చలేదు.

జవాబు టిఫా స్కాన్‌లో దొరికింది. 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ సక్రమంగా ఏర్పడ్డాయో లేదో చూసే ఈ స్కాన్‌కు వెళ్ళినప్పుడు, బిడ్డ ఆడో మగో తెలుసుకోగోరడం లేదని 1994 నాటి చట్టం ప్రకారం సంతకం చేసి లోపలికి వెళ్ళాను. తెర మీద వెన్నెముక సన్నని పూసల పేరులా కనిపించింది. గుండెలోని నాలుగు గదులను, ఉమ్మనీరు మింగినందువల్ల నల్లని చుక్కలా కనిపిస్తున్న చిన్న పొట్టను డాక్టరుగారు ఓపికగా చూపించారు. ఇంతలో బిడ్డ కాలు ముడిచి, ఒక్కసారిగా చాపి తన్నింది. నేను దాన్ని కళ్ళారా చూశాను, కానీ నా ఒంట్లో మాత్రం ఏమీ తెలియలేదు.

"మాయ, అదే ప్లాసెంటా, గర్భసంచి ముందు గోడకు ఉందమ్మా. మధ్యలో దిండు అడ్డం పెట్టినట్టు ఉండబట్టి నీకు తెలియడం లేదు, అంతే. బిడ్డ బాగా కదులుతోంది" అన్నారు ఆవిడ. ఆ ఒక్క మాటతో ఇన్నాళ్ళ బరువు దిగిపోయింది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు ప్రశాంతంగా నిద్రపోయేదాన్నో అనిపించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇరవై వారాలకు బిడ్డ తల నుంచి మడమ వరకూ సుమారు 25 సెంటీమీటర్లు, బరువు మూడు వందల గ్రాముల పైచిలుకు ఉంటుంది. ఒంటి మీద సన్నని నూగు, చర్మం ఉమ్మనీటిలో నానిపోకుండా తెల్లని వెన్నలాంటి పూత ఏర్పడతాయి. గర్భసంచి పైఅంచు సరిగ్గా నా బొడ్డు దాకా వచ్చింది.

వేవిళ్ళు తగ్గాయి గనుక అన్నం సయిస్తోంది. అయితే రోజంతా మాత్రల వేళల చుట్టూనే తిరుగుతోంది. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు కాబట్టి, కాల్షియం రెండు పూటలా భోజనం తరువాత, ఐరన్ మాత్ర సాయంత్రం నిమ్మరసంతో వేసుకుంటున్నాను. ఐరన్‌కు దగ్గరలో టీ తాగకూడదన్నారు. ఆఫీసులో నాలుగు గంటల టీ మానడం నిజంగా కష్టమే అయినా, హిమోగ్లోబిన్ 10.2 అని చూశాక మానేశాను. ఈ నెలల్లో రక్తం పరిమాణం పెరుగుతుందని, అందులో నీటి భాగం ఎక్కువగా పెరగడం వల్ల కూడా ఆ అంకె తగ్గుతుందని డాక్టరుగారు చెప్పారు. అయినా 11కు తగ్గితే రక్తహీనత కిందే లెక్క కనుక మాత్ర మానే ప్రసక్తి లేదు.

ఇరవై రెండో వారంలో, మొన్న గురువారం ఉదయం, పెసరట్టు తిని కుర్చీలో వెనక్కి వాలినప్పుడు పొత్తికడుపులో ఎడమ వైపున, బాగా కిందగా, కనురెప్ప అదిరినంత తేలికగా ఏదో అదిరింది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మళ్ళీ రెండుసార్లు అదే చోట అదిరింది. మాయ అడ్డులేని చోటు అదే అయి ఉంటుంది. మావారు పరుగున వచ్చి చెయ్యి వేశారు గాని, బయటి చేతికి అందేంత బలం ఆ కదలికకు ఇంకా రాలేదు.

ఆ రోజు అమ్మ అడగకముందే నేనే ఫోను చేసి చెప్పాను. కాసేపు అమ్మ గొంతు పెగలలేదు. తరువాత "ఏం తిన్నాక కదిలిందే?" అని అడిగింది. ఆదివారం చలిమిడి పట్టుకుని వస్తోంది.