బొమ్మ కారుకి ఆయిల్ షాక్స్

నా టమియా టీటీ-02 అనే రిమోట్ బొమ్మ కారుకి కిట్‌తో వచ్చినవి ఆయిల్ లేని ఫ్రిక్షన్ డ్యాంపర్లు (కుదుపుని అణిచే భాగాలు), అంటే స్ప్రింగూ ప్లాస్టిక్ రాపిడీ అంతే, మేడ మీద చిన్న గతుకు తగిలినా కారు బంతిలా ఎగిరేది. మొన్న వాటి బదులు ఆయిల్ షాక్స్, అంటే ఆయిల్ నింపే డ్యాంపర్లు, కొని బిగించా. బిగించడం ఈజీనే, ఆయిల్ నింపడమే అసలు పని, సిలికాన్ ఆయిల్ పోసి పిస్టన్‌ని మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తూ బుడగలన్నీ పోయేదాకా ఆగాలి, నాకు అంత ఓపికెక్కడిది, మూత పెట్టేశా, ఒకటి నొక్కితే పిచుక్ పిచుక్‌మంటోంది, మళ్లీ విప్పా (డైనింగ్ టేబుల్ మీద మరక చూసి మా ఆవిడ చూసిన చూపు అడక్కండి). పిస్టన్‌కున్న సన్నటి రంధ్రాల్లోంచి ఆయిల్ దూరడానికి టైం పడుతుంది కదా, అదే ఊపుని చంపేస్తుంది. ఎండకి ఆయిల్ పల్చబడుతుంది కాబట్టి మే నెలలో కాస్త చిక్కటిది వేద్దామనుకుంటున్నా.