అమ్మ గొలుసుతో ఆచారి వీధికి

సింహపురి ఎక్స్‌ప్రెస్ పడుగుపాడు దాటి పెన్న వంతెన ఎక్కగానే నాకు మెలకువ వచ్చేస్తుంది. ఈసారి నెల్లూరికి ఒకే పని మీద వచ్చాను. అమ్మ రెండుపేటల గొలుసు కొక్కెం దగ్గర తెగింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపులో చూపిస్తే, "పాత నగలు రిపేర్ చేయమండీ, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయండి" అన్నారు. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆ గొలుసొక్కటే. ఎట్లా ఇచ్చేస్తాను?

మూలాపేటలో పిన్నమ్మ ఇంట్లో టిఫిన్ చేసి, కంసాలులుండే ఆచారి వీధికి ఇద్దరం ఆటో ఎక్కాం. "ఆ సందుల్లోకి ఎవరు పోతుండారే ఇప్పుడు? మాగుంట లేఅవుట్‌లో పెద్ద షాపులకి పోదాం. ఏసీ ఉంటది, లిఫ్ట్ ఉంటది" అంది పిన్నమ్మ. ఆమెకు మోకాళ్ల నొప్పులు, తప్పు పట్టలేను.

చిన్నప్పుడు సంక్రాంతి ముందు కోవూరు నుంచి టౌన్ బస్సులో చిన్నబజారుకు రావడమే మాకు పెద్ద యాత్ర. బట్టల కొట్టు గడప దగ్గర చెప్పులు విడిచి, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లం. అమ్మ ఒక్క చీర కొనడానికి నలభై చీరలు విప్పించేది. కొట్టాయన ముఖం ఒక్కసారి కూడా చిట్లించింది లేదు. "డబ్బులదేముందమ్మా, పంట చేతికొచ్చాక చూసుకుందాం" అని ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. ఇప్పుడు ఆ కొట్టు షట్టర్ మీద 'అద్దెకు' అని పెయింట్‌తో రాసి ఫోన్ నంబర్ వేశారు. బజారు మరీ ఖాళీగా ఏం లేదు, గాజుల కొట్ల దగ్గర జనం ఉన్నారు. కానీ కూర్చోబెట్టి బేరమాడే కొట్టు మాత్రం నాకొక్కటీ కనపడలేదు.

ఆచారి వీధికి తిరిగాక పిన్నమ్మ ఒక అరుగు మీద కూలబడింది. అమ్మ తీసుకెళ్లే అంగడి ఉందో లేదోనని నాకు టెన్షన్. ఉంది. ఆ పెద్దాయనే, కళ్లద్దాలు మాత్రం మందమయ్యాయి.

"ఏందమ్మా, శానా రోజులకి" అన్నాడు, నన్ను గుర్తుపట్టకుండానే. గొలుసు అందుకోగానే ఆగిపోయాడు. "ఇది మా నాయన చేసింది. ఈ అల్లిక ఆయనదే."

ముందుగా తూకం వేసి నాకు చూపించాడు. వెలిగారం తడిపి అంటించి, వెంట్రుకంత టంకం ముక్కను పట్టకారుతో పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊదాడు. బుగ్గలు ఉబ్బాయే గానీ చెయ్యి కదల్లేదు. టంకం కరిగి మెరిసి, లోపలికి పాకింది. కుంకుడు రసంలో బ్రష్‌తో రుద్దితే, అమ్మ మెడలో చూసిన రంగు తిరిగొచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి.

మాటల్లో చెప్పాడు. 1963లో గోల్డ్ కంట్రోల్ వచ్చి 14 క్యారెట్లకు మించి నగ చేయకూడదన్నప్పుడు వాళ్ల నాయన కొన్నాళ్లు కూలికి పోయాడట. "దాన్నీ తట్టుకున్నాం తల్లీ. 1990లో ఆ చట్టమే పోయింది. ఇప్పుడు మమ్మల్ని ఎవరూ చేయొద్దనడంలేదు. చేయించుకునేవాళ్లే లేరు. కోయంబత్తూరు నుంచి మెషిన్ గొలుసులు వస్తుండాయి, వాటి ముందు మా చేతికూలి ఎక్కువైపోతుండాది."

ఒకప్పుడు ఈ వీధిలో తెల్లారకముందే కాలువల్లో మట్టి ఎత్తి, కడిగి, బంగారు రజను ఏరుకుని బతికేవాళ్లు ఉండేవారట. "ఇప్పుడు రారు. ఏరుకోను ఏముందని?" అన్నాడు.

మాల్ వద్దని నేననను. పార్కింగ్ లేని సందుకు కారున్నవాళ్లు రారు, అదీ నిజమే. కానీ తెగిందాన్ని అతికే చెయ్యి ఊళ్లో ఒకటైనా ఉండాలి కదా. కొత్తది కొనడమొక్కటే దారి అయితే, అమ్మ గొలుసు లాంటివి ఎక్కడికి పోవాలి?

మళ్లీ తూకం వేసి, టంకం ఎంత పడిందో చూపించి, గొలుసును గులాబీరంగు కాగితంలో మడిచి ఇచ్చాడు. సంక్రాంతి దాకా ఉండి, తర్వాత బెంగళూరులో కొడుకు దగ్గరికి పోతాడట. అంగడి ఎవరికీ అప్పజెప్పడంలేదు.

నా చెవి కమ్మలు బాగానే ఉన్నాయి. అయినా తీసి ఆయన ముందు పెట్టాను. "వీటికీ మెరుగు పెట్టండి పెద్దాయనా" అన్నాను. పిన్నమ్మ అరుగు మీద నుంచి లేచి వచ్చి, తన ముక్కుపుడక మర తిప్పడం మొదలుపెట్టింది.