బావంచాల వెంట హైదరాబాద్‌లో ఒక రోజు

సికింద్రాబాద్‌లో రైలు దిగేసరికి తొమ్మిదిన్నర. మెట్రో మెట్లెక్కుతున్నా మా అన్నయ్య కూతురు కుడిచేతి చుడీదార్ చేతిని కిందికి లాక్కుంటూనే ఉంది. మణికట్టు మీద రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ. దాని చుట్టూ ఈమధ్యే గోధుమరంగు మరక చేరింది. మరక బొల్లి వల్ల రాలేదు, మందు వల్ల వచ్చింది. మా ఊళ్ళో ఆకుమందులిచ్చే ఒకాయన బావంచాలనే మందు గింజల నూనె ఇచ్చి, రాసుకుని ఎండలో కూర్చోమన్నాడు. ఎంతసేపో చెప్పలేదు. త్వరగా తగ్గాలన్న ఆశతో పిల్ల మిట్టమధ్యాహ్నం మేడ మీద గంటసేపు కూర్చుంది. రెండో రోజుకి నీటి బొబ్బలు.

నేను ఫార్మసీ కాలేజీలో మూలికల పాఠం చెప్తాను. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది చర్మకణాల డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. మోతాదు కుదిరితే రంగు మళ్ళీ పుట్టొచ్చు, మించితే చర్మం కాలుతుంది. ఏటా పిల్లలకి చెప్పే ఈ మాట మా ఇంటికి మాత్రం సమయానికి చేరలేదు. ఆ బాధతోనే ఈ ప్రయాణం.

అమీర్‌పేటలో రైలు మారి ఎర్రగడ్డలో దిగాం. ఇక్కడి యునానీ పరిశోధనా సంస్థ చర్మవ్యాధులకే ప్రత్యేకం. బొల్లిని యునానీలో 'బరస్' అంటారు, దాని మీద ఇక్కడ దశాబ్దాలుగా పని జరుగుతోంది. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. డాక్టరమ్మ మరక చూసి ఎవరినీ ఏమీ అనలేదు. నూనె లేత ఎండలోనే పెట్టుకోవాలని, నాలుగైదు నిమిషాలతో మొదలుపెట్టాలని కాగితం మీద రాసిచ్చారు. లోపలికి మాత్రలు మొదలుపెట్టే ముందు కాలేయం రక్తపరీక్ష చేయించమన్నారు. ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే నెల రోజులుగా నేను చదువుతున్నవి ఇదే గింజ మీద చైనావాళ్ళు రాసిన పరిశోధనా పత్రాలు.

చైనాలోనూ ఇదే గింజ. అక్కడ 'బుగుజి' అంటారు, ఎముకను పూడ్చే కొవ్వు అని అర్థం. లీ షిజెన్ రాసిన మూలికల మహాగ్రంథం 1596లో అచ్చయింది. పరాయివాళ్ళు ఈ గింజని 'పోగుజి' అంటారని ఆయన అందులో రాశాడు. 'బాకుచి' అన్న మన సంస్కృత పేరే అంత దూరం నడిచి అలా మారిందనిపిస్తుంది. పేరు వెళ్ళింది, గింజ వెళ్ళింది, కానీ పని మారిపోయింది. మనకిది చర్మం మందు. వాళ్ళకి ముందుగా నడుముకీ ఎముకలకీ బలమిచ్చేది. ఇవాళ్టి పరిశోధనా అదే దారిలో పోతోంది. మన దగ్గర ఎక్కువగా మచ్చల మీద, మందుల మిశ్రమాన్ని మొత్తంగా రోగులకిచ్చి చూస్తారు. అక్కడ గింజలోని ఒక్కో పదార్థాన్నీ విడదీసి ఎముక కణాల మీద వేసి చూస్తారు. పాత పుస్తకం ఏ ప్రశ్న అడిగిందో కొత్త లాబ్ కూడా దాన్నే అడుగుతోంది. అయితే ఆ గింజ తిన్న కొందరిలో కాలేయం దెబ్బతినడం బయటపడ్డాక, ఏ పదార్థం అందుకు కారణమో అక్కడివాళ్ళు పట్టుగా వెతుకుతున్నారు. బొల్లికి ఇదే గింజని చూర్ణంగా మింగేవాళ్ళు మన దగ్గర ఎంతమందో! ఆ పత్రాలు మనకే ముందు కావాలి.

మధ్యాహ్నం బేగం బజార్‌లో మూలికల కొట్టు ముందు ఆగాం. "బాబ్చీ హోనా క్యా?" అంటూ కొట్టాయన గుప్పెడు గింజలు నా అరచేతిలో పోశాడు. నల్లగా, చిన్న మూత్రపిండం ఆకారంలో, పైన సన్నటి గుంటలతో ఉన్నాయి. గోటితో నొక్కితే కొంచెం జిగురు, ఘాటైన వాసన. పిల్ల వాసన చూసి, "అత్తా, ముఖానికి రాసుకునే సీరంలలో వేసే బకుచియోల్ ఇందులోదేనా?" అంది. ఇందులోదే. 1966లో పుణె ప్రయోగశాలలో దాన్ని వేరుచేసినవాళ్ళలో ఒకరైన గోవర్ధన్ మెహతా, తర్వాతి కాలంలో మన హైదరాబాద్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అది చెప్తే పిల్ల ఆ రోజు మొదటిసారి నవ్వింది.

అక్కడినుంచి గడ్డిఅన్నారం. వైద్యచరిత్ర సంస్థ లైబ్రరీకి వెళ్ళాలని ఎన్నేళ్ళుగానో కోరిక. 1956లో ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఒక విభాగంగా, డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి గారి చేతుల్లో మొదలైంది. ఇప్పుడు మూలికల గుణాలు చెప్పే ఆయుర్వేద నిఘంటువుల్ని ఇంటర్నెట్‌లో కూడా పెట్టి అందరికీ అందుబాటులోకి తెచ్చినవాళ్ళు వీళ్ళే. పాత ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో బాకుచి దగ్గర వేలు పెట్టి చదివాను. చర్మానికి మంచిది, కుష్ఠాన్ని పోగొడుతుంది, కానీ దాని కాయ 'పిత్తలం', అంటే పిత్తాన్ని పెంచేది. ఆ పిత్తమూ రక్తపరీక్షలో కనిపించే కాలేయం లెక్కలూ ఒకటేనని నేను అనను. అయినా ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఈ గింజని పచ్చిగా వాడకూడదని మనవాళ్ళు గోమూత్రంలోనో అల్లం రసంలోనో నానబెట్టి శుద్ధి చేస్తారు. చైనావాళ్ళు ఉప్పునీళ్ళు కలిపి వేయిస్తారు. రెండుచోట్లా పెద్దలు దీనికి భయపడ్డారు. శుద్ధి చేస్తే కాలేయానికి ఎంత మేలో రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి కొలవాలి. ఈ ఏడు మా విద్యార్థుల ప్రాజెక్టుకి అదే ఇస్తాను.

తిరుగు రైలు కదిలాక పిల్ల నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చుడీదార్ చెయ్యి పైకి జరిగి ఉంది, నేను సర్దలేదు. రేపు పొద్దున్నే ఆ నూనె ఇచ్చినాయన దగ్గరికి వెళ్ళాలి. పోట్లాడటానికి కాదు. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించి, ఎండ ఎంతసేపో ప్రతి సీసా మీదా రాయమని అడగాలి.