తిన్నింటి వాసాలు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మన భాషలో తిట్టు. నాకు మాత్రం అదే ఉద్యోగం. ఏడేళ్ళుగా అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కొయ్యతో కొట్టాలూ ఇళ్ళూ కట్టే ఒక చిన్న సంస్థ నాకు అన్నం పెడుతోంది. ఎవరి కప్పుకు ఎన్ని వాసాలు పడతాయో, ఒక్కొక్కటి ఎంత పొడవు ఉండాలో, ఏ కోణంలో కోయాలో గీసి ఇస్తాను. తిరుపతిలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో సిమెంటూ ఇనుమూ తప్ప కొయ్య ముఖం చూసింది తక్కువ. ఉద్యోగంలో చేరిన వారానికే మా యజమాని నా చేతికి ఉలి ఇచ్చి ఆరు నెలలు బెజ్జాలు తొలిపించాడు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ఆ తర్వాతే. అప్పుడు తిట్టుకున్నాను కానీ, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు నేనూ అదే చేయిస్తున్నాను.

వీసా ముద్ర కోసం ఈ జూలైలో ఊరికి వచ్చాను. మాది చిత్తూరు నుంచి బంగారుపాళెం వెళ్ళే దారిలో ఒక పల్లె. చెన్నైలో వేలిముద్రలూ ప్రశ్నలూ అయ్యాయి, పాస్‌పోర్టు మాత్రం తిరిగి రాలేదు. సెలవులు అయిపోయినా పని ఆగదు కదా! పగలంతా తోతాపురి కాయలు మోసుకెళ్ళే ట్రాక్టర్ల చప్పుడు. ఇక్కడ సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి అక్కడ ఉదయం ఎనిమిది. అప్పటి నుంచి అర్ధరాత్రి దాకా వసారాలో కంప్యూటర్ ముందే నా కాపురం.

చేతిలో ఉన్న పని చిన్నదే. గొర్రెలు పెంచుకునే దంపతులకు 16 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు ఉన్న కొట్టం. కింద గొర్రెలు, పైన అటకలో ఎండుగడ్డి. ఎనిమిది అడుగులకు ఒక చట్రం చొప్పున నాలుగు చట్రాలు. చట్రమంటే అటూ ఇటూ రెండు స్తంభాలు, వాటిని కలిపే అడ్డదూలం. కప్పుకు నాలుగు అడుగులకు ఒక జత చొప్పున ఏడు జతలు, అంటే పద్నాలుగు వాసాలు. వాలు 45 డిగ్రీలు. ఈ వాలుకు అడ్డంగా ఒక్కో అడుగు దూరానికి వాసం 16.97 అంగుళాలు సాగుతుందని అక్కడి వడ్రంగుల మూలమట్టం మీదే చెక్కి ఉంటుంది. సగం వెడల్పు ఎనిమిది అడుగులు కాబట్టి వాసం 11 అడుగుల మూడు ముప్పావు అంగుళాలు. ఇందులోంచి వెన్నుదూలం, అంటే కప్పు శిఖరాన పొడుగునా సాగే దూలం, మందంలో సగానికి లెక్క తీసేయాలి. మొదటి ఏడాది నేను అది మరిచిపోయి ఒక కప్పు వాసాలన్నీ పొడవుగా కోయించాను. పొడవైనవి కాబట్టి మళ్ళీ కోసి సరిచేశాం. అదే పొట్టివైపోయి ఉంటే ఈ ఏడేళ్ళు ఉండేవి కావు.

అసలు చిక్కు పొడవుతో కాదు, తోపుతో. ఎదురెదురుగా వాలిన రెండు వాసాల మీద బరువు పడితే వాటి పాదాలు బయటికి జారాలని చూస్తాయి. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు ఆనించి, కాళ్ళు దూరంగా పెట్టి నిలబడితే నున్నటి గచ్చు మీద ఏమవుతుందో అదే. మామూలుగా అడ్డదూలం ఆ పాదాలను పట్టి ఉంచుతుంది. కానీ ఈ దంపతులకు అటకలో గడ్డి మోపులు పెట్టడానికి ఎత్తు కావాలి. అందుకని అడ్డదూలాన్ని నాలుగు అడుగులు కిందికి దించాం. స్తంభాలు దూలాన్ని దాటి పైకి వెళ్తాయి, వాసాల పాదాలు ఆ కొసల మీద కూర్చుంటాయి. వాటిని పట్టుకునేది అక్కడ ఏదీ లేదు.

వెర్మాంట్‌లో కప్పు మీద పడే బరువు మంచుది. మంచూ కప్పూ కలిపి చదరపు అడుగుకు 50 పౌండ్లు వేసుకున్నాను. ఆ లెక్కన ఒక్కో స్తంభం కొసను బయటికి తోసే బలం 1,600 పౌండ్లు, అంటే ఏడు క్వింటాళ్ళ పైచిలుకు. పద్నాలుగు బియ్యపు బస్తాలు పక్కకు నెట్టుతున్నట్టు. వాలు తగ్గించి కప్పును సగం ఎత్తుకు దించితే ఈ తోపు రెట్టింపవుతుంది. పైగా స్తంభం వంగేది సరిగ్గా దూలం కలిసే చోట. దూలం కొసను సన్నగా చెక్కిన నాలుక దూరడానికి బెజ్జం తొలిచి స్తంభాన్ని బలహీనం చేసింది కూడా అక్కడే.

"పైకప్పు ఎగిరిపోకుండా చూసుకోవాలి గానీ, కిందికి తొక్కుతుందని భయపడటం ఏమిటి?" అన్నారు నాయన. ఆయన భయం ఆయనది. 2021 నవంబరు వానల్లో మా పశువుల కొట్టం రేకులు రెండు పక్కింటి మడిలో తేలాయి.

తోపుకు మందు తెలిసిందే. వాసాలు ఒకదాని మీద ఒకటి ఆనకుండా, బలమైన వెన్నుదూలం మీద వేలాడాలి. అప్పుడు పాదాల దగ్గర తోపు ఉండదు, బరువు నేరుగా కిందికి దిగుతుంది. ఆ వెన్నుదూలాన్ని మోయడానికి ప్రతి అడ్డదూలం నడుమ ఒక పొట్టి స్తంభం నిలబెట్టి గీశాను. నడిమి చట్రాల్లో ఒక్కో పొట్టి స్తంభం మీద 3,200 పౌండ్లు పడతాయి. దూలాన్ని ఎనిమిది అంగుళాల మందం, పన్నెండు అంగుళాల లోతుకు పెంచాను. లెక్క కుదిరిందనిపించింది గానీ బొమ్మ చూస్తే మనసు ఒప్పలేదు.

అలా చూస్తూ కూర్చున్న సాయంత్రం ఆచారి తాత వచ్చాడు. మా ఇంటి ద్వారబంధాలు ఆయన చేతివే. డెబ్బై అయిదు దాటాయి, బాడిస పట్టి చాలా కాలమైంది. కళ్ళద్దాలు సర్దుకుని తెర మీదికి వంగి, ముందుగా అడిగింది, "ఏ కొయ్య నాయనా?"

"పైన్, తాతా."

"మామిడికాయల పెట్టెల కొయ్యతో కొట్టమా!"

అక్కడి పైన్ అడవులు వేరనీ, పది అంగుళాల దూలాలు వస్తాయనీ చెప్పాను. నమ్మినట్టు లేదు. ఇనుప మేకులు లేకుండా నాలుకా బెజ్జమూ కలిపి కొయ్య చీల దిగ్గొడతామనీ, చీల బిగువుగా లాగేలా రంధ్రాలను అంగుళంలో ఎనిమిదో వంతు తప్పించి తొలుస్తామనీ చెబితే మాత్రం ముఖం వెలిగింది. "మరి తప్పించకపోతే చీల ఎందుకు, అగరుబత్తి గుచ్చవచ్చు" అన్నాడు.

తర్వాత గోరుతో తెర మీద పొట్టి స్తంభాన్ని తాకాడు. "ఇది నిట్రాడేనా?"

"అలాంటిదే." నిట్రాడంటే గుడిసె నడుమ నిలబడి కప్పును మోసే గుంజ.

"నిట్రాడు నేల దిగకుండా ఎక్కడైనా ఉంటుందా? మంచం పట్టె నడుమ మనిషిని నిలబెట్టావు."

నడుమ స్తంభం దించితే గడ్డి బండి తిరగడానికి చోటు ఉండదని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "గొర్రెలు ఏ పక్క?" అన్నాడు.

దంపతులు పంపిన కాగితం తీసి చూశాను. గొర్రెల గదులన్నీ ఎడమ పక్క, ఎనిమిది అడుగుల వెడల్పు. బండి దారి కుడి పక్క, ఎనిమిది అడుగులు. గదుల ముందు కట్టే కంచె సరిగ్గా నడిమి గీత మీదే ఉంది. చివరి గోడల్లో ఎలాగూ స్తంభాలు ఉంటాయి. లోపల దించాల్సినవి రెండే, ఆ రెండూ కంచె గుంజల చోటే పడతాయి. మూడు వారాలుగా ఆ కాగితం నా దగ్గరే ఉంది. నేను కప్పే చూశాను, కింద గొర్రెలను చూడలేదు.

ఆ రాత్రే మార్చి పంపాను. అడ్డదూలం ఇప్పుడు పదహారు అడుగులు ఒంటరిగా మోయనక్కరలేదు, పది అంగుళాల లోతుకు దించాను. మా యజమాని ఫోనులో ఒకటే అన్నాడు. "రెండు గుంతలు ఎక్కువ తవ్వాలి. ఫరవాలేదు." అక్కడ చలికాలంలో నేల లోతుగా గడ్డకట్టి పునాదిని పైకి లేపేస్తుంది కాబట్టి, గుంతలంటే చిన్న పని కాదు. నాలుగు అడుగులు సరిపోతాయా, అయిదు కావాలా అన్నది ఆ నేల చూశాకే తేలుతుంది.

పాస్‌పోర్టు ఇంకా రాలేదు.