మైకు లేని ఫ్లూటు, పక్కన పియానో

మొన్న ఆదివారం పొద్దున పదకొండింటికి చెన్నై నుంగంబాక్కంలో ఒక చిన్న హాల్లో ఫ్లూట్, పియానో రిసైటల్ ఉందని తెలిసి మావయ్యని కూడా లాక్కెళ్లాను. ఆయన కచేరీలంటే చెవి కోసుకునే మనిషి, మార్గళి సీజన్‌లో, అదే డిసెంబరు-జనవరి కచేరీల రోజుల్లో, మధ్యాహ్నం పూట సంగీత సభల్లో పెట్టే ఫ్రీ కచేరీలు కూడా వదలరు, కానీ అంతా కర్ణాటక సంగీతమే, వెస్టర్న్ క్లాసికల్ అంటే చర్చిలో వాయించేదేగా అంటారు.

కూర్చోగానే, "ఏమ్మా, మైకులేవీ? ఇంకా పెట్టలేదా?" అన్నారు. పెట్టరు మావయ్యా, ఇలాగే వాయిస్తారు అంటే ఆయన మొహంలో అనుమానం చూడాలి! ఆయన తప్పేం లేదులెండి, మన చెన్నైలో వంద మంది పట్టే హాల్లో కూడా వయొలిన్‌కో మైకు, మృదంగానికి రెండు మైకులు, వాళ్లది వాళ్లకే వినిపించడానికి మళ్లీ మానిటర్ స్పీకర్లు, ఆర్టిస్టు పాడ్డం కన్నా సౌండ్ అబ్బాయికి చేతులూపడమే ఎక్కువ.

సరిగ్గా మొదలుపెట్టే ముందు ఏసీ ఆపేశారు, దాని గుర్రు ఫ్లూట్ కింది స్వరాల్ని మింగేస్తుందని. మంచి పనే, కానీ చెన్నై ఎండలో ఏసీ ఆపితే ఏమవుతుంది, హాలు వేడెక్కింది, వేడెక్కే కొద్దీ ఫ్లూట్ శ్రుతి పైకి పోతుంది, పియానో శ్రుతిని అక్కడికక్కడ ఏమీ చేయలేం కదా. ఆ ఫ్లూటు అమ్మాయి ఒక్కో పీస్ అవ్వగానే, ఊదే పైముక్క ఉంటుంది చూడండి, దాన్ని కొంచెం బయటికి లాగి, పియానో ఆయన ఒక స్వరం ఇస్తే దానికి సరిచూసుకుని మళ్లీ మొదలుపెట్టేది. మావయ్యకి ఇక్కడ ఇంట్రస్ట్ వచ్చింది, "శ్రుతి చూసుకుంటోంది, పర్లేదు" అన్నారు.

మన వేణువు వెదురు, వేళ్లతో రంధ్రాలు సగం సగం మూస్తూ గమకం పలికించాలి. వీళ్లది మెటల్, ఇప్పుడున్న ఈ రూపం మ్యూనిక్‌లో తియోబాల్డ్ బోమ్ అనే ఆయన చలవ. బంగారం పని నేర్చినవాడు, తనే ఫ్లూట్ కళాకారుడు. రంధ్రాలు వేళ్లకి అందే చోట కాకుండా నాదానికి ఎక్కడ కావాలో అక్కడ, పెద్దవిగా పెట్టి, మూయడానికి మీటలు తగిలించాడు, 1847లో గొట్టాన్ని కూడా సిలిండర్‌లా మార్చేశాడు. అలా గొంతు పెరిగింది. అయినా అడుగు స్థాయిలో అది మెత్తనిదే, పియానో తల్చుకుంటే తొక్కేయగలదు. అందుకే ఆ రోజు పియానో వాయించిన పెద్దాయన దాని మూత పూర్తిగా ఎత్తకుండా సగమే ఎత్తి పెట్టాడు, నాదాన్ని సాగదీసే పెడల్ కూడా చాలా పొదుపుగా వాడాడు.

మొదట ఫ్రెంచ్ స్వరకర్త ఫోరే రాసిన ఫాంటసీ, 1898లో పారిస్ కన్సర్వేటరీలో ఫ్లూట్ పరీక్ష కోసం రాసింది, వింటుంటే పరీక్ష పేపరని అస్సలు తెలీదు. తర్వాత ఇంకో ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుస్సీ 'సిరింక్స్', 1913ది, ఫ్లూట్ ఒక్కటే. ఒక నాటకంలో తెరవెనక నుంచి వినిపించడానికి రాశాడట. పియానో ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఆ అమ్మాయి ఊపిరి తీసుకోవడం మూడో వరసలో మాకు వినబడుతోంది. మైకులో ఆ ఊపిరి చప్పుడు చిరాకు పుట్టిస్తుంది, ఇక్కడ మాత్రం పాటలో భాగంలాగే ఉంది, ఎందుకో మరి.

అసలు విషయం పూలాంక్ సొనాటా, ఈయనా ఫ్రెంచ్ స్వరకర్తే, మూడు భాగాల రచన ఇది. 1957లో స్ట్రాస్‌బర్గ్‌లో దీన్ని మొదటిసారి వినిపించినప్పుడు రాంపాల్ అనే ఫ్లూట్ కళాకారుడు వాయిస్తే పూలాంకే పియానో ముందు కూర్చున్నాడు. రెండో భాగం, కాంటిలేనా అంటారు, అందులో ఫ్లూట్ పొడుగ్గా ఒకే దారం తీస్తూ పోతుంది, కింద పియానో అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంటుంది, అంతే, గొప్పలేం లేవు. కానీ ఆ పెద్దాయన ఒక్కో స్వరాన్ని ఫ్లూట్ కింద ఎంత ఎత్తులో పెట్టాలో ఆ క్షణానికి ఆ క్షణం విని పెడుతున్నాడు, అది సౌండ్ మిక్సర్ ముందు కూర్చున్న మనిషి చేసే పని కాదు. పైగా మనం పక్కవాద్యం అన్నట్టు ఉండదు ఇది, కొన్ని చోట్ల పియానోనే మాట మొదలుపెడుతుంది, ఫ్లూట్ జవాబిస్తుంది. మూడో భాగం రావడమే దూకుడుగా వచ్చింది, ఆ పరుగులో ఒకట్రెండు చోట్ల ఫ్లూట్ మునిగిపోయింది, నిజం చెప్పాలిగా.

బయటికొచ్చాక మావయ్య, "రాగం లేదు, గమకం లేదు, కానీ నాదం ఉందమ్మా" అన్నారు, ఆయన నోట అది పెద్ద సర్టిఫికెట్. మరి మన సభలో మధ్యాహ్నం స్లాట్ ఒక్కటి మైకు లేకుండా పెట్టించండి అన్నాను, ఆయనకి కమిటీలో బాగా తెలిసినవాళ్లున్నారు. "మృదంగం ముందు వేణువు వినపడాలిగా" అంటారు. మృదంగం ఆయన తగ్గించి వాయిస్తే సరి కదా అంటే, "తగ్గమని ఆయనకి చెప్పేదెవరు, నువ్వు చెప్తావా?" అని ఆటో పిలిచారు.

ఎవరైనా ఇలాంటి వాటికి వెళ్తే, చేతులు చూడాలనుకుంటే ఎడమవైపు కూర్చోండి, వినడానికే అయితే మధ్యలో, మూడు నాలుగు వరసలు వెనగ్గా.