రెండేళ్ల ఆయాసానికి పేరు దొరికింది

మెడ మీద అంటించిన పట్టీ నిన్ననే తీశారు. అక్కడి సిరలోంచి గుండె కుడి వైపుకు సన్నని గొట్టం పంపి, ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి కొలిచారు. భయపడ్డంత ఏమీ లేదు. సగటు 46 వచ్చింది, 20 దాటితేనే ఎక్కువట. ఎడమ గుండె బాగానే ఉంది. కాబట్టి, అంతకు ముందు తీసిన స్కాన్‌లతో కలిపి చూసి, జబ్బు సీటెఫ్ (CTEPH) అని తేల్చారు. అంటే ఊపిరితిత్తుల్లో కరగకుండా మిగిలిన పాత రక్తపు గడ్డలు మచ్చకట్టి, రక్తం దారి మూసేయడం వల్ల వచ్చే పల్మనరీ హైపర్‌టెన్షన్, అంటే ఊపిరితిత్తుల ధమనుల్లో అధిక ఒత్తిడి.

రెండేళ్ల క్రితం కాలు విరిగి, కట్టుతో మంచం పట్టినప్పుడు గడ్డలు కట్టాయి. ఆరు నెలలు మందులు వాడాను. గడ్డల సంగతి ముగిసిందన్నారు కానీ ఆయాసం పోలేదు. ఒకరు ఉబ్బసమని ఇన్‌హేలర్ ఇచ్చారు.

ఆ తర్వాత కలిసిన డాక్టరును మాత్రం మరచిపోలేను. కుర్చీలో కూర్చోబెట్టి వేలికి క్లిప్పు పెట్టారు. ఆక్సిజన్ 97 చూపించింది. ‘దిగులు పెట్టుకుంటే ఊపిరి ఆడనట్టే ఉంటుంది’ అని, నా వైపు చూడకుండా మావారితో ‘ఈమెను కాస్త బయట తిప్పండి’ అన్నారు. పది మెట్లు ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయని చెబుతూనే ఉన్నాను. ‘రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు’ అని రాసిన పాత డిశ్చార్జి కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఆ ఫైలుకున్న రబ్బరు బ్యాండు కూడా తీయలేదు. ఇంటికొచ్చి, నిజంగానే నాది పిరికితనమేమోనని ఏడ్చాను. మనిషి తన ఒంటినే నమ్మలేని స్థితికి తేవడం వైద్యం కాదు.

సీటీ స్కాన్‌లోనూ ‘కొత్త గడ్డలు లేవు’ అని రాశారు. అవే చిత్రాల్లో ఈ జబ్బు తెలిసిన డాక్టరమ్మ రక్తనాళాలకు అడ్డంగా సాలెపోగుల్లాంటి గీతలు చూపించారు. ఎకోలో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్‌లో, కుడి గుండె ఉబ్బి ఉంది. ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో విడివిడిగా చూపే వీక్యూ స్కాన్‌లో గాలి చిత్రం నిండుగా ఉంటే, రక్తం చిత్రంలో ముక్కలు ముక్కలుగా ఖాళీలు.

గడ్డలకు మూడు నెలలు సరిగా మందు వాడాక కూడా ఆయాసం మిగిలితే ఎకో అడగండి, తర్వాత వీక్యూ అడగండి. సీటీ బాగుందంటే ఊరుకోకండి. వీక్యూ మామూలుగా వస్తే ఈ జబ్బు దాదాపు లేనట్టే. రక్తం పలచబరిచే మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. నాకు ఇక జీవితాంతం తప్పదు.

నా గడ్డలు ఆపరేషన్‌కు అందే చోట ఉన్నాయో, రక్తనాళాలను లోపలి నుంచి బెలూన్‌తో వెడల్పు చేసి సరిపెట్టాలో సోమవారం వైద్య బృందం కూర్చుని చెబుతుంది.